నాణెం మీద మాట్లాడకూడదు

మొన్న బాల్టిమోర్‌లో నాణేల వేలానికి వెళ్తే, నా పక్క కుర్చీలో పెద్దమనిషి నాణెం మీదకి వంగి తుమ్మాడు. చిన్నా చితకా తుమ్ము కాదు, హాలంతా వెనక్కి తిరిగి చూసింది. వేలానికి ముందురోజు, కొనదల్చుకున్నవాళ్ళు దగ్గరగా చూసుకోవడానికి వరసగా బల్లలు వేసి, దీపాలు పెట్టి, నల్ల ముఖమల్ పరిచిన పళ్ళేల్లో నాణేలు ఒక్కొక్కటే తెచ్చిస్తారు. ఆయన పళ్ళెంలో ఉన్నది ఇంగ్లండు వెండి పెన్నీ, శతాబ్దాల నాటిది. ఇన్నాళ్ళూ ఏ మట్టిలోనో క్షేమంగా ఉండి, చివరికి ఓ రిటైరైన పెద్దమనిషి జలుబుకి దొరికిపోయింది. పైగా ఆయన సారీ చెప్పి, చొక్కా చేతితో దాన్ని తుడవబోయాడు. "నో నో నో!" అని నేనూ, బల్ల వెనకాల అమ్మాయీ ఒకేసారి అరిచాం.

డాక్టరు గారు ఉంటే అరిచేవారు కాదు. చప్పుడు చెయ్యకుండా లేచి, కుర్చీ లోపలికి జరిపి, కారిడార్‌లోకి వెళ్ళి కాసేపు గోడవైపు తిరిగి నిలబడేవారు. ఎవరో కావలసినవాళ్ళు పోయిన కబురు విన్నట్టే ఉండేది ఆయన వాలకం.

ఆయన పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు, ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆయన ఉత్త డాక్టరు గారే. ఆయన పోయాక వచ్చిన మొదటి శ్రావణం ఇది.

ఆయన నాతో అన్న మొట్టమొదటి మాట కూడా ఇలాంటి బల్ల దగ్గరే. అప్పటికి నేను ఈ వేలాలకి కొత్త. షాంటిలీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, వీటి మధ్య నాకీ పిచ్చి ఎక్కడిదంటే మా అమ్మమ్మ కాసులపేరుది. ఆ పేరులో ఒక్కో కాసు మీద ఒక్కో ఇంగ్లండు తలకాయ. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఆ రాజుల ముక్కులూ రాణుల కొప్పులూ తడిమేదాన్ని. పెద్దయ్యాక బంగారం జోలికి వెళ్ళే తాహతు లేక రాగి నాణేలతో సరిపెట్టుకుంటున్నాను. ఆ రోజు ఒక చేతిలో రాగి అర్ధపెన్నీ, ఇంకో చేతిలో ఫోన్, ఫోన్‌లో మా ఆయన. పప్పు కుక్కర్‌లో ఎంత నీళ్ళు పొయ్యాలో చెప్తున్నాను.

వెనకాల నుంచి తెలుగు వినిపించింది. "నాణెం మీద మాట్లాడకూడదమ్మా. నోటి తుంపర పడితే మచ్చ పడుతుంది. ముందు దాన్ని కింద పెట్టు. ఎన్ని విజిల్స్ రావాలో ఆ తర్వాత చెప్పు."

తిరిగి చూస్తే మోచేతుల దగ్గర అరిగిన గోధుమరంగు స్వెట్టరు, మెడలో తాడుకి వేలాడే భూతద్దం, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని నిలబడ్డ ముసలాయన. పోలీసులు చేతులెత్తమన్నారా అనుకున్నాను. అది ఆయన పద్ధతిట. నాణెం ముట్టుకునే ముందు హోటల్ బాత్రూంలో మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తువ్వాలు కూడా తాకకుండా చేతులు విదిలించి, అలాగే పైకెత్తుకుని కారిడారంతా నడిచి వచ్చేవారు. ఆపరేషన్ థియేటర్ అలవాటు. పనిచేసినన్నాళ్ళూ ఆయన మత్తు డాక్టరు. "కోసేవాళ్ళు వేరే ఉంటారు. నేను నిద్రపుచ్చేవాణ్ణి, మళ్ళీ లేపేవాణ్ణి. రెండోది ముఖ్యం," అనేవారు.

అమెరికాలో కాపురముంటూ ఇంగ్లండు నాణేలేమిటండీ అని అడిగాను ఒకసారి.

"ఇక్కడివి మరీ కుర్రవమ్మా, అల్లుడి వయసువి. మనకి తాతల వయసు కావాలి," అన్నారు. మళ్ళీ తనే, "మా తాత ఆ దొరల దగ్గర గుమాస్తాగా చేశాడు. వాళ్ళ రాజులు ఇప్పుడు మా ఇంట్లో డ్రాయర్లో పడున్నారు. బాకీ తీరింది," అని తనలో తనే నవ్వుకున్నారు.

హోటల్లో మంచినీళ్ళు తప్ప ఏదీ తాగేవారు కాదు. పార్కింగ్ డబ్బులు దండగని ఎక్కడో ఆమడదూరంలో కారు పెట్టేవారు. మధ్యాహ్నం ఆ కారులోనే కూర్చుని స్టీలు డబ్బాలో పెరుగన్నం, మాగాయ ముక్క. మాగాయ తిన్నాక మళ్ళీ మోచేతుల దాకా కడగడం, మళ్ళీ చేతులెత్తుకుని రావడం. రిసెప్షన్‌లో అమ్మాయిలు ఆయన్ని చూసి వాళ్ళూ చేతులెత్తి పలకరించేవారు.

వేలం హాల్లో ఎప్పుడూ ఆఖరి వరస. అందరూ వేలం వేసేవాడి మొహం చూస్తారు, లేకపోతే తెర మీద పెరిగే అంకె చూస్తారు. ఈయన మాత్రం ముందు వరసల్లో కూర్చున్న వాళ్ళ భుజాలు చూసేవారు. నంబరు రాసున్న అట్ట, ప్యాడిల్ అంటారు, దాన్ని మోకాలి మీద బోర్లించి, కళ్ళు సగం మూసుకుని ఉండేవారు. నిద్రపోతున్నారనే అనుకునేదాన్ని మొదట్లో.

"ఆ నీలం కోటువాణ్ణి చూడు," అనేవారు పెదవి కదపకుండా. "ఊపిరి బిగబట్టాడు. ఇంకా కావాలి వాడికి. ఇప్పుడు ఎత్తకు, నీ డబ్బు తగలేసుకుంటావు."

ఇంకో రెండు పాటలయ్యాక, "అదిగో, వదిలేశాడు. భుజాలు దిగాయి చూశావా? ఇప్పుడెత్తు."

ఎత్తేదాన్ని. నాణెం నాకొచ్చేది. నీలం కోటువాడు తల కూడా తిప్పేవాడు కాదు. ఈ విద్య ఎక్కడిదని అడిగితే, "జీవితమంతా మనుషుల ఊపిరి చూసి బతికాను. ఇంకేం వచ్చు నాకు?" అన్నారు.

ధర విషయంలో మాత్రం మహా కచ్చితం. ఎంతదాకా వెళ్ళాలో ఇంటి దగ్గర కాఫీ తాగుతూ అనుకుని రావాలి. "హాల్లో అనుకునేది ధర కాదు, జ్వరం," అనేవారు. నాకు ఆ జ్వరం చాలాసార్లే తగిలింది. అప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుని కిందకి లాగేవారు.

ఇంత తెలిసిన మనిషి కొనేవి ఏమిటయ్యా అంటే, చెత్త. మాట కటువే, కానీ నిజం. వెండి నాణేనికి ఏళ్ళు గడిచేకొద్దీ నలుపు తిరుగుతుంది. నీలం, బూడిద, తేనె రంగు కలిసిన నలుపు. తెలియనివాళ్ళకి అది మురికి. ఈ హాల్లో వాళ్ళకి అదే ప్రాణం. ఎవరైనా తెలియక దాన్ని తోమి మెరిపించారా, ఇక ఆ నాణెం కథ ముగిసినట్టే. వేలం పుస్తకంలో 'క్లీన్డ్' అని ఒక్క మాట రాస్తారు. పెళ్ళి సంబంధం గురించి ఎవరో ఓ మాట వేసినట్టే ఇక, ఎంత మంచి వంశమైనా ఎవరూ దగ్గరికి రారు. ఈయన ఏరికోరి వాటినే కొనేవారు. తోమి, రుద్ది, తళతళలాడే వాటిని. నాణేల వ్యాపారులు ఆయనకి మిస్టర్ షైనీ అని పేరు కూడా పెట్టారు. ఆయన రావడం చూసి, "షైనీకి ఏవైనా ఉన్నాయా?" అని నవ్వుకునేవారు. ఆయనకి వినిపించేది. తలాడించి నవ్వేసేవారు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆయన కంటిచూపు తగ్గి హైవే మీద డ్రైవ్ చెయ్యడం మానేశాక నేనే తీసుకెళ్ళేదాన్ని. ఓ సాయంత్రం తిరిగొస్తూ బెల్ట్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఆ రోజు కూడా ఆయన గిన్నెలా మెరిసే ఓ షిల్లింగు కొన్నారు. ఇక ఆగలేకపోయాను.

"డాక్టరు గారూ, అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఆ హాల్లో మీకున్న కన్ను ఇంకెవరికీ లేదు. మీ దగ్గరున్నంత చెత్త కూడా ఇంకెవరి దగ్గరా లేదు. ఎందుకండీ ఇలా?"

ఆయన ముందు కారు ఎర్ర దీపాలవైపు తిరిగారు.

"రెసిడెన్సీ రోజుల్లో చేతికొచ్చిన మొదటి జీతంతో ఓ ఆరు పెన్నీల నాణెం కొన్నానమ్మా," అన్నారు. "పెళ్ళి చేసుకోకుండా రాజ్యమేలిన రాణి ఉంది చూడు, ఆవిడది. తల వెనకాల గులాబీ పువ్వు. ఎంత రంగో దాని మీద! రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అది చూసుకుని పడుకునేవాణ్ణి. ఆ తర్వాత పెళ్ళయింది, మా ఆవిడ వచ్చింది. వచ్చిన కొత్తలోనే శ్రావణ శుక్రవారం. వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టడానికి అమ్మవారి రూపు లేదు. ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది అప్పట్లో? నా డ్రాయరు వెతికింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పళ్ళెంలో పసుపూ కుంకుమా చేమంతీ, మధ్యలో మా రాణిగారు. ధగధగా మెరిసిపోతోంది. 'కిరీటముంది, వెనకాల పువ్వుంది, అమ్మవారు కాకపోతే ఎవరండీ! మసి పట్టి ఉంటే చింతపండు పెట్టి తోమి, విబూదితో మెరుగు పెట్టాను. ఎంత కళగా ఉందో చూడండి' అంది."

"మీరేమన్నారు?"

"చాలా కళగా ఉందన్నాను."

నేను స్టీరింగ్ మీద తల కొట్టుకున్నాను. ఆయన నవ్వారు.

"ఈ దేశానికొచ్చి రెండు నెలలమ్మా ఆవిడ. మాట్లాడ్డానికి నేను తప్ప మనిషి లేదు. ఆ పూట ఆ మొహంలో వెలుగు నువ్వు చూళ్ళేదు. ఇంకేమంటాను?"

"తర్వాతైనా చెప్పచ్చు కదండీ!"

"తర్వాత అంటే ఎప్పుడు? ప్రతి ఏడూ తోముతుంది. రెండో ఏడు చెప్తే, మొదటి ఏడు ఎందుకు చెప్పలేదంటుంది. అలా వెనకబడిపోయాను."

"పోనీ ఆ ఒక్కటీ పోయిందనుకోండి. కొత్తవి మంచివి కొనుక్కోవచ్చు కదా?"

"కొని ఎక్కడ పెడతాను? శ్రావణం రాగానే డ్రాయర్లో ఉన్నవన్నీ తీస్తుంది, అమ్మవారి పరివారం అని. నల్లది కనపడితే తోముతుంది. వద్దంటే, 'మరి నా మొదటిదాన్ని ఎందుకు తోమనిచ్చారు?' అంటుంది. ఇన్నేళ్ళ వ్రతం ఆవిడకి ఒక్క క్షణంలో తప్పైపోతుంది. అందుకని ముందే పాడైనవి కొంటాను. వాటికింక పోయేదేం లేదు."

అక్కడితో ఆగి, నావైపు తిరిగి వేలు చూపించారు. "ఆవిడ దగ్గర నోరు జారావంటే చూడు!"

నేను జారలేదు. అది గొప్పేం కాదు, కానీ కష్టమే. ఎందుకంటే ఆ ఏడు వ్రతానికి వాళ్ళావిడే, నేను ఆంటీ అంటాను, నన్ను సాయానికి పిలిచింది.

ఆంటీ మామూలు మనిషి కాదు. కౌంటీ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది, కారు నాకంటే వేగంగా నడుపుతుంది, ఎవర్నైనా ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తుంది. ఆ పొద్దున సింకు దగ్గర కొంగు దోపుకుని నిలబడి, నానిన చింతపండుతో నాణేలు తోముతోంది. పక్కనే ముక్కాలి పీట మీద డాక్టరు గారు, తడి తుడవడానికి తువ్వాలు పట్టుకుని.

"ఆయనకి నాణేలంటే ప్రాణం కదా అమ్మాయ్, తోముతుంటే కళ్ళప్పగించి చూస్తారు," అంది ఆంటీ. "ప్రతి ఏడూ ఇంతే. ఇక్కణ్ణుంచి లేవరు."

రాణిగారి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. గులాబీ రేకులు కలిసిపోయాయి. ఆంటీ బొటనవేలు దాని మీద తిరుగుతుంటే నేను కిటికీవైపు తిరిగాను. డాక్టరు గారి మొహంలో మాత్రం ఏమీ లేదు.

తాంబూలం పుచ్చుకుని బయటికొస్తూ అడిగాను, "ఎలా చూడగలుగుతారండీ?"

"మొదట్లో నాణేన్ని చూసేవాణ్ణి, కష్టంగానే ఉండేది," అన్నారు. "ఇప్పుడు ఆవిడ చేతులు చూస్తాను."

ఆ తర్వాత వచ్చిన చలికాలంలో ఆయనకి గుండె కాస్త ఇబ్బంది పెట్టింది. ఇక తను లేకుండా ఎక్కడికీ వెళ్ళద్దని ఆంటీ ఖరాకండిగా చెప్పేసింది. అందుకే ఆ చలికాలం జరిగిన వేలానికి ముగ్గురం వెళ్ళాం. ఆంటీకి అదే మొదటిసారి. సంచీ నిండా జంతికలు తెచ్చింది.

ఆ వేలానికి ఆయన ఎందుకంత పట్టుబట్టి బయల్దేరారో బల్ల దగ్గర తెలిసింది. పళ్ళెంలో అదే రాణి, అదే ఆరు పెన్నీలు, తల వెనకాల అదే గులాబీ. కానీ ఎవరూ తోమలేదు. ముక్కు ముక్కులాగే ఉంది. బుగ్గ మీద నీలం, జుట్టు దగ్గర బూడిద, అంచు చుట్టూ తేనె రంగు. డాక్టరు గారు దాన్ని అంచులు పట్టుకుని ఎత్తి, ఊపిరి బిగబట్టి చూశారు. కింద పెట్టి, మళ్ళీ ఎత్తి చూశారు.

ఆంటీ మా ఇద్దరి మధ్య నుంచి వంగి చూసింది. "అయ్యో, ఇదీ మన అమ్మవారే కదండీ! పాపం ఎంత నల్లగా ఉందో. కొనండి. ఈ ఏడు ఇద్దర్నీ పక్కపక్కన పెడదాం. చింతపండుతో ఒక్కసారి తోమితే మనదానిలాగే అయిపోతుంది."

డాక్టరు గారు నావైపు చూశారు. నేను దీపంవైపు చూశాను. కొంటే రెండే దారులు. తోమనిచ్చి దీన్నీ చంపుకోవాలి. తోమద్దని చెప్పి, ఆవిడ ఇన్నేళ్ళు చేసిందేమిటో ఆవిడకి తెలియనివ్వాలి. ఆయన కాఫీ తాగుతూ ఎంత ధర అనుకుని వచ్చారో నాకు తెలీదు. ఇది మాత్రం అనుకుని ఉండరు.

ఆంటీ మమ్మల్ని వదిలేసి, బల్ల వెనకాల ఉన్న పెద్దావిడతో ఏదో మాట్లాడుతూ నిలబడింది. బాత్రూం ఎక్కడో అడుగుతోందనుకున్నాను.

మర్నాడు వేలంలో ఆ నాణేనికి ముందు చాలా చేతులు లేచాయి, తర్వాత ఒక్కొక్కటే దిగిపోయాయి. చివరికి ముందు వరసలో బో టై కట్టుకున్న పొడుగాటి మనిషీ, ఆఖరి వరసలో డాక్టరు గారూ మిగిలారు. పొడుగాయన మళ్ళీ ఎత్తాడు.

"ఊపిరి వదిలేశాడు," అన్నారు డాక్టరు గారు నాతో, చాలా మెల్లిగా. "ఇంకొక్కసారి ఎత్తితే చాలు. మనదే."

వేలం వేసేవాడు ఈయనవైపే చూస్తున్నాడు. ప్యాడిల్ మోకాలి మీద బోర్లించి ఉంది. ఈయన భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి. అన్నాళ్ళలో ఆయన ఊపిరి బిగబట్టడం హాల్లో ఎప్పుడూ చూళ్ళేదు నేను.

"ఎత్తండి," అంది ఆంటీ. "ఎత్తరేమండీ? ఫరవాలేదు, ఎత్తండి."

ఆయన ఆవిడ చేతిలో జంతిక చూశారు, ఆ చెయ్యి చూశారు. భుజాలు కిందకి దిగాయి.

"మనకి ఒకటుందిగా," అన్నారు.

నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరి మీదో కూడా తెలీదు. ఆయన మీద, ఆవిడ మీద, చింతపండు మీద. సుత్తి పడబోతుంటే నా ప్యాడిల్ ఎత్తేశాను. కాఫీ తాగుతూ అనుకున్న ధర కాదు, నిఖార్సైన జ్వరం. పొడుగాయన తల అడ్డంగా ఊపాడు. నాణెం నాదైపోయింది. ఇంట్లో రెండేళ్ళపాటు వెకేషన్ అనే మాట ఎత్తడానికి నాకు మొహం లేకపోయింది.

డాక్టరు గారు నావైపు తిరగలేదు. తిరుగు ప్రయాణంలో ఆంటీ కూడా ఒక్క మాట మాట్లాడలేదు. అలిసిపోయిందనుకున్నాను.

అప్పట్నుంచీ నెలకోసారి శనివారం ఆయన మా ఇంటికి వచ్చేవారు. ఆంటీయే కారులో దింపి, "మీరిద్దరూ కబుర్లు చెప్పుకోండి, నేను కూరలు తెస్తా," అని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళిపోయేది. ఆయన నేరుగా సింకు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కునేవారు. నేను ముఖమల్ ముక్క పరిచి నాణెం పెట్టేదాన్ని. ఆయన చూసేవారు. మా ఇంట్లో డిష్‌వాషర్ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. పిల్లలు కూడా ఆ కాసేపూ మెట్ల మీదే కూర్చునేవారు. చూడటం అయ్యాక లోకంలో సంగతులన్నీ మాట్లాడేవారు, నాణెం సంగతి తప్ప.

ఒక్కసారి మాత్రం మాట్లాడారు. అదే ఆఖరిసారి రావడం. నాణెం కింద పెట్టి, కుర్చీ వెనక్కి జరుపుకుని, "మా ఇంట్లో రాణి అంచుకి కూడా కాస్త తేనె రంగు వస్తోందమ్మా," అన్నారు.

"ఏటా తోముతున్నారుగా, ఎలా వస్తుందండీ?" అన్నాను.

ఆయన నవ్వి, కాఫీలో పంచదార ఎక్కువైందన్నారు.

తర్వాత కొద్ది రోజులకే మధ్యాహ్నం నిద్రలో పోయారు. నిద్రపుచ్చే డాక్టరు నిద్రలోనే పోయారు, పుణ్యాత్ముడు అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకా మాట నచ్చలేదు. లేపడమే ముఖ్యమని చెప్పేవారాయన.

మొన్న తుమ్ము సంగతి చెప్తే ఆంటీ నవ్వుతుందని ఫోన్ చేశాను. నవ్వింది. నవ్వడం ఆపి, "ఇంట్లోనే ఉన్నావా? వస్తున్నా," అంది.

వస్తూనే, "ఆ నల్లమ్మని ఓసారి చూపించు," అంది.

"ఏ నల్లమ్మ ఆంటీ?"

"నటించకు. నెలనెలా ఆయన్ని మీ ఇంట్లో దింపింది నీ కాఫీ కోసమా? నీ కాఫీ సంగతి నాకు తెలీదూ!"

నాణెం తెచ్చి ముఖమల్ ముక్క మీద పెట్టాను. ఆంటీ సింకు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తువ్వాలు ఇవ్వబోతే వద్దంది. చేతులు విదిలించి, పైకెత్తుకుని వచ్చి కూర్చుంది. ఎడంచేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కుడిచేత్తో అంచులు పట్టుకుని నాణెం ఎత్తింది. చాలాసేపు చూసింది. కింద పెట్టి, వెనక్కి జరిగి, అప్పుడు కొంగు తీసింది.

"ఆ రోజే తెలిసింది," అంది. "బల్ల దగ్గర ఆవిణ్ణి అడిగాను, ఇంత నల్లదానికి అంత ధర ఎందుకమ్మా అని. తోమలేదు కాబట్టి అంది. తోమితే ఏమవుతుందంటే, అన్నీ చెప్పింది. రాత్రంతా పడుకోలేదు నేను. మర్నాడు ఎత్తండి, ఫరవాలేదు, ఎత్తండి అన్నాను. అంతకంటే ఎలా చెప్పను? ఒకటుందిగా అన్నారు. అంత కష్టపడి దాచుకున్నదాన్ని నేనెందుకు బయటపెట్టాలి?"

"కానీ ఆ తర్వాత రెండు శ్రావణాలూ తోమారు కదా ఆంటీ?"

"మానేస్తే తెలిసిపోదూ? వట్టి నీళ్ళు పోసి, తోమినట్టు చేతులు ఆడించాను. పక్కనే కూర్చుని చూశారు. పాపం, ఏమీ కనిపెట్టలేదు."

చేతిసంచీలోంచి చిన్న డబ్బా తీసి, రాణిగారిని నల్లదాని పక్కన పెట్టింది. ముక్కు లేదు, గులాబీ లేదు. కానీ అంచు చుట్టూ సన్నగా, గోరంత మేర, తేనె రంగు తిరిగింది.

"ఈ ఏటి నుంచి నాకు వ్రతం లేదుగా," అంది. "ఇది నీ దగ్గరే పెట్టుకో. ఎవర్నీ తోమనివ్వకు."

మత్తిచ్చి, మనిషి పెదవి రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగిన ఆయనకి ఆ అంచు కనిపించకుండా ఉంటుందా? నాణేన్ని మానేసి చేతులు చూసే మనిషికి, ఆ చేతులు ఉత్తినే ఆడుతున్నాయని తెలియకుండా ఉంటుందా? చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఈవిడకీ ఆయనకీ మధ్య నోరు మూసుకుని మూసుకుని నాకు విసుగొచ్చింది.

"కనిపెట్టారు ఆంటీ," అన్నాను. "ఆఖరిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, ఇదే కుర్చీలో కూర్చుని, మా ఇంట్లో రాణి అంచుకి తేనె రంగు వస్తోందన్నారు. ఎలా వస్తుందండీ అంటే నవ్వారు."

ఆంటీ నావైపు చూసింది. "నవ్వారా?"

"నవ్వారు."

ఆవిడ పెదవులు బిగబట్టుకుంది. భుజాలు పైకి లేచాయి, మెల్లిగా దిగాయి. నాకూ కళ్ళు నిండిపోయాయి. రెండు నాణేలూ మా మధ్య బల్ల మీదే ఉన్నాయి. ముందు వాటిని ముఖమల్ ముక్కతో సహా దూరంగా జరిపాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం.